640 కేబీలో పట్టనిది



బడికి మన సంఘం ఇవ్వబోయే కంప్యూటర్లలో పిల్లలకు ఏ ప్రోగ్రామింగు పెట్టాలో చెప్పమన్నారు. ఇలాంటి ఎంపికే ఒకటి 1991లో, నా మొదటి ఉద్యోగంలో చూశాను. ముందు అది చెబుతాను.

మాది రైసు మిల్లులకు లెక్కల ప్రోగ్రాములు రాసే చిన్న సంస్థ. ఉన్నది ఒకే పీసీ-ఎక్స్‌టీ, 640 కేబీ మెమరీ. ఇవాళ మీ ఫోనులో తీసే ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. ‘ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్’ అనే మాట అప్పుడప్పుడే మా దాకా వచ్చింది. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, మన బడి గంట లాంటిదే. అటెండరు గంట కొడతాడు. డ్రిల్లు పీరియడు వాళ్లు గ్రౌండుకి పరుగెడతారు, లెక్కల క్లాసు వాళ్లు హోంవర్కు వెతుక్కుంటారు. ఎవరేం చెయ్యాలో అటెండరుకి తెలియక్కర్లేదు. కొత్త సెక్షను వచ్చినా గంట కొట్టే తీరు మారదు. ప్రోగ్రాములోనూ ఒక ఆబ్జెక్టు మరోదానికి కబురు పంపుతుంది. అందుకున్నది తనకు తెలిసిన పని తాను చేస్తుంది.

1989 నాటి టర్బో పాస్కల్ 5.5ని త్వరగానే పక్కన పెట్టేశాం. అసలు వాదన 1990లో వచ్చిన టర్బో సీ ప్లస్ ప్లస్‌కీ, డిజిటాక్ వాళ్లు 1986లో పీసీకి తెచ్చిన స్మాల్‌టాక్/వీకీ మధ్య.

స్మాల్‌టాక్ పుట్టింది 1970లలో, అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో. అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ దాన్ని తీర్చిదిద్దారు. కే మనసులో ఉన్నది పిల్లలే. పుస్తకంలా చేత్తో పట్టుకునే కంప్యూటర్ పిల్లలకివ్వాలని 1972లోనే రాశాడాయన. ఆ భాషలో అంకె కూడా ఆబ్జెక్టే. 3 + 4 అంటే 3కి ‘నీతో 4 కలుపుకో’ అని కబురు పంపడం. నడుస్తున్న ప్రోగ్రామును ఆపకుండానే, లోపలికి తొంగి చూసి మార్చవచ్చు. మా సీనియర్ ఒకాయన దాన్ని చూసి మురిసిపోయేవాడు.

చిక్కల్లా మిల్లు దగ్గర. అక్కడి కంప్యూటరుకి హార్డ్ డిస్కే లేదు, 360 కేబీ ఫ్లాపీలు రెండు. స్మాల్‌టాక్‌లో రాసిన ప్రోగ్రాముతో పాటు ‘ఇమేజ్’ అనే మొత్తం సంసారాన్నీ మోసుకెళ్లాలి. టర్బోలో అయితే ఒక్క ఈఎక్స్‌ఈ ఫైలు ఫ్లాపీలో వేసుకుని బస్సెక్కితే చాలు. నేను టర్బోకే ఓటేశాను. ఆ మిల్లుకి ఇవాళ అడిగినా అదే చెబుతాను.

తర్వాత జరిగిందే నాకు నచ్చలేదు. మెమరీ వేల రెట్లు పెరిగింది, 1998లో సీ ప్లస్ ప్లస్‌కి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మన కాలేజీ ల్యాబుల్లో మాత్రం 1990ల నాటి ఆ నీలం తెర 2010 దాటాక కూడా కదల్లేదు. కొత్త విండోస్‌లో నడవకపోతే డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపించారు. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల్ని పాలిమార్ఫిజం అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా ఒప్పజెబుతారు. గంట సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు వాళ్లకి.

స్మాల్‌టాక్ చచ్చిపోలేదు. కే, ఇంగాల్స్ బృందం 1996లో స్క్వీక్ అనే కొత్త రూపం తెచ్చింది. దాని మీదే ఎమ్‌ఐటీ వాళ్లు స్క్రాచ్ మొదటి వెర్షన్ కట్టి 2007లో విడుదల చేశారు. తెర మీది పిల్లిబొమ్మ ఒక కబురు విసిరితే మిగతా బొమ్మలు దేని పని అది చేస్తాయి. ఆరో తరగతి పిల్ల కూడా అరగంటలో అందుకుంటుంది.

కాబట్టి ఆరు నుంచి ఎనిమిది దాకా స్క్రాచ్, పై రెండు తరగతులకీ పైథాన్ పెడదాం. రెండూ ఉచితం. మనకొచ్చిన కొటేషనులో సాఫ్ట్‌వేర్ అని ఓ పద్దు ఉంది. అందులోంచి ప్రోగ్రామింగు వాటా కొట్టేసి, ఆ డబ్బుతో యూపీఎస్‌కి మంచి బ్యాటరీలు కొనమని కమిటీ వారిని కోరుతున్నాను.