ఇంద్రియజ్ఞానమున చిక్కుగల బిడ్డలు
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ఉపకారవేతనముల ప్రసంగము ఏటేట వినుచునే యున్నాము. నేడు బడిలో కుదురుకొనలేని కొందఱు బిడ్డలను గూర్చి విన్నవింతును.

పెండ్లిమేళము వినఁబడినంతనే చెవులు మూసికొని యేడ్చువాఁడొకఁడు. తలకు నూనె రాయనీయనిది యొకతె. చొక్కా మెడవెనుక గుడ్డచీటీ గీచుకొనుచున్నదని చొక్కాయే విప్పి పాఱవేయువాఁడు, పెరుగన్నము దక్క వేఱొకటి నోటఁబెట్టనివాఁడు కలరు. దెబ్బ తగిలినను ఎఱుఁగక గోడలను, తోడిపిల్లలను ఢీకొనుచు తిరుగువారును కలరు. వీరికి మనవారిచ్చు పేర్లు మొండితనము, గారాబము, దిష్టి. తప్పెప్పుడును తల్లి పెంపకముదే! 2009 విద్యాహక్కు చట్టము బడిలో బెత్తమును, మానసికహింసను గూడ నిషేధించినది గాని, బంధువుల నాలుకలకు చట్టము లేదు.

మనవారు జ్ఞానేంద్రియము లైదని గణించిరి. అమెరికాదేశమున ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నుండిన జీన్ ఎయిర్స్ అను విదుషి 1972లో ప్రకటించిన గ్రంథమున, లోపలిచెవి వలన కలుగు తులాజ్ఞానమును, కండరములు కీళ్లు తెలుపు అంగస్థితిజ్ఞానమును ముఖ్యముగా పరిగణించెను. కన్ను, చెవి బాగుగనే యుండవచ్చును. అవి తెచ్చిన వార్తలను మెదడు పొందుపఱచుకొనుటయందే చిక్కు. ఇంద్రియము విషయముతో కలసినంతనే జ్ఞానము పుట్టదు, మనస్సంయోగమును కావలెనని మన తార్కికులు వాదించిరి గదా. అందుచే నాకీ మాట అపరిచితముగా తోఁపలేదు.

అయినను వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. దీనిని ప్రత్యేకరోగముగా నిర్ణయింపరాదని అమెరికా శిశువైద్య అకాడమీ 2012లో చెప్పినది. 2013లో వెలువడిన డి.ఎస్.ఎం.-5 గ్రంథము దీనిని ఆటిజము లక్షణములలో నొకటిగా చేర్చినది. అట్లని యీ చిక్కుగల ప్రతిబిడ్డకును ఆటిజ మున్నదనరాదు. కావున పరీక్ష చేయించుట పేరొకటి తగిలించుకొనుటకుఁ గాదు, కారణము తెలిసికొనుటకు.

ముందు శిశువైద్యునికిఁ జూపవలెను. చెవి, కన్ను పరీక్షింపవలెను. వినఁబడని బిడ్డయు పిలిచినఁ బలుకఁడు. పిమ్మట మానసిక వికాసపరీక్ష. ఆక్యుపేషనల్ థెరపిస్టు బిడ్డ యాటను చూచును, తల్లిని పెక్కుప్రశ్నలడుగును. రక్తపరీక్షచే గాని స్కానింగుచే గాని యిది తేలదు. తల్లి రెండువారములు ఏ శబ్దమునకు, ఏ వేళ, ఏ తిండికి బిడ్డ యెట్లు ప్రవర్తించెనో వ్రాసికొని పోయిన అదియే గొప్ప సాక్ష్యము. ఒక్కచూపున చెప్పి, నెలలో నయముచేసెదనని సొమ్మడుగువారిని నమ్మవలదు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము పుట్టుక మొదలు 18 ఏండ్ల వఱకు బిడ్డలకు వర్తించును. దాని క్రింద పలుజిల్లాలందు డి.ఇ.ఐ.సి. యను కేంద్రము లున్నవి. 1984లో స్థాపింపఁబడిన జాతీయసంస్థ సికింద్రాబాదు బోయినపల్లిలో కలదు.

కేంద్రము లుండియు బిడ్డలు పోకుండుటకు కారణము మన సభలోనే యున్నది. అక్కకు సంబంధము తప్పిపోవునని తమ్ముని దాఁచుచున్నాము. మాటలాడ నేర్చు వయసు దాఁపఱికమున గడచిపోవుచున్నది.

సాయంకాలపు కార్యవర్గమున నేనొక తీర్మానము ప్రతిపాదింతును. ఇట్టి బిడ్డను పరీక్షకుఁ గొనిపోవు పేదతల్లిదండ్రులకు దారిఖర్చు, వసతి విద్యానిధినుండి యీయవలెను. వార్షికనివేదికయందు మొత్తము మాత్రము చూపవలెను, పేర్లు ముద్రింపరాదు.