చీకటి అడగడానికి వచ్చాను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగం కాకుండా ఇంకేం చేస్తున్నావో చెప్పమని కమిటీవాళ్లు అడిగారు. పగలంతా సబ్‌స్టేషన్ల పని. అమావాస్యకు సెలవు కలిసొస్తే మాత్రం చెక్కపెట్టె లాంటి పెద్ద కెమెరా భుజాన వేసుకుని, చీకటి వెతుక్కుంటూ పోతాను. ఇందులో వేసేది రీలు కాదు, షీటు ఫిలిం. నాలుగంగుళాల వెడల్పు, ఐదంగుళాల పొడవు. ఒక్క షీటు ధరతో ఇద్దరు కడుపునిండా భోంచేయొచ్చని మా ఆవిడ లెక్క. ఆ లెక్కలో తప్పేం లేదు.

షీటును హోల్డర్లోకి ఎక్కించడం కటిక చీకట్లోనే. ఎర్ర బల్బు కూడా పనికిరాదు. షీటు అంచున చిన్న గాట్లుంటాయి. అవి కుడివైపు పై మూలన వేలికి తగిలితే, మందు పూసిన వైపు మనకేసి ఉన్నట్టు. కెమెరా వెనక గరుకు గాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. చుక్కలు దాని మీద ఆనవు కాబట్టి దూరంగా ఏ గుడి దీపమో చూసి ఫోకస్ కుదుర్చుకుంటాను. తర్వాత షట్టరు తెరిచి రెండు గంటలు కూర్చోవడమే. చలికాలం లెన్సు మీద మంచు పడుతుంది. దానికి రెసిస్టర్లు కుట్టిన గుడ్డపట్టీ చుట్టి, 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తాను. ఇంజనీరింగ్ చదువు ఇక్కడా అక్కరకొచ్చింది.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. నా 150 మిల్లీమీటర్ల లెన్సుతో, ఖగోళ మధ్యరేఖ దగ్గరున్న చుక్క గంటలో ఫిలిం మీద దాదాపు 39 మిల్లీమీటర్ల గీత గీస్తుంది. ఉత్తరానికి తిప్పితే ధ్రువ నక్షత్రం చుట్టూ వలయాలు వస్తాయి. మన ఊళ్లో అది దిగంతానికి 15 డిగ్రీల పైచిలుకు ఎత్తులోనే ఉంటుంది, అంటే చాచిన చేతి పిడికిళ్లు ఒకటిన్నర. కదలనిదని పేరుపడ్డ ఆ చుక్క కూడా ఫిలిం మీద చిన్న వంపు గీస్తుంది.

ఒక చిక్కుంది. ఎంతసేపు తీసినా గీత పొడుగవుతుంది గానీ ప్రకాశం పెరగదు, చుక్క ఏ చోటా నిలవదు కదా. ఊరి దీపాల వెలుతురు అలా కాదు. అది ఆకాశంలో పరుచుకుని కదలకుండా ఉంటుంది, నిమిషం నిమిషానికీ ఫిలిం మీద అదే చోట పేరుకుంటుంది. చివరికి గీతల్ని మింగేస్తుంది. నల్లమల అంచున రెండు గంటలు తీసిన నెగెటివులో ఆకాశం గాజులా తేటగా ఉంది, గీతలు నల్లగా ఉన్నాయి. పోయిన సంక్రాంతికి మన మైదానంలో తీసింది అరగంటే. హైవే కూడలి వైపు అంచు మసిబారింది. రెండూ బయట బల్ల మీద పెట్టాను, వెలుతురుకు పట్టి చూడండి.

ఇది కేవలం నా సరదా గొడవ కాదు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1887లో ప్యారిస్ సమావేశం తలపెట్టిన ఆకాశ పటం పనిలో వాళ్లు భాగం పంచుకున్నారు. బేగంపేటలో 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసి, ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి, 12 సంపుటాలు వేశారు. పొడుగు ఎక్స్‌పోజరులో ఫిలిం వంగొచ్చు, గాజు వంగదు, అందుకని ప్లేట్లు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికకు, చుక్కలు ఎంత జరిగాయో తేల్చడంలో ఆనాటి కొలతలు పనికొచ్చాయి. ఆ తరవాత బేగంపేట చుట్టూ నగరం పెరిగింది. 48 అంగుళాల దూరదర్శినిని 1968లో దూరంగా రంగాపూర్‌లో నెలకొల్పాల్సి వచ్చింది. వేధశాలకైతే ఇంకో ఊరు దొరికింది. బడిని ఎక్కడికి మోసుకుపోతాం?

1986లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు మన సైన్సు మాస్టారు తెల్లవారుజామున మమ్మల్ని ఈ మైదానంలోనే నిలబెట్టారు. ఆ మసక తోక కంటికి ఆనిందంటే మైదానం అంత చీకటిగా ఉండేది. మాస్టారు ఇక్కడే ముందు వరుసలో కూర్చున్నారు, అబద్ధమైతే దిద్దుతారు.

ఇప్పుడు అసలు విషయం. స్వర్ణోత్సవ కానుకగా మైదానం మధ్యలో హైమాస్ట్ లైటు వేయాలని సంఘం అనుకుంటోంది. మంచి ఉద్దేశమే. సాయంత్రం క్లాసులయ్యాక ఆడపిల్లలు బస్టాపు దాకా నడిచే దారికి వెలుతురు కావాలి, దానికి నేను అడ్డు చెప్పను. కానీ వెలుతురు కావాల్సింది దారికి, ఆకాశానికి కాదు. అంత ఎత్తు నుంచి నాలుగు దిక్కులా చిమ్మే బదులు, దారి పొడవునా పొట్టి స్తంభాలు, కిందికి మాత్రమే పడేలా గొడుగున్న పసుపు దీపాలు, పదింటికి ఆరిపోయేలా టైమరు. పిల్లల కాళ్ల దగ్గర వెలుతురు ఇప్పటి ప్లాను కన్నా తగ్గదు. లెక్క కట్టి చూశాను.

గుంత ఇంకా తవ్వలేదు. రేపు కమిటీ కూర్చుంటుందన్నారు. డ్రాయింగు నా సంచిలో ఉంది. ఖర్చులో తేడా వస్తే నేను భరిస్తాను. పదో తరగతి పిల్లలు వస్తామంటే వచ్చే అమావాస్యకు కెమెరా తెస్తాను, షీట్లు నావే. సెలవు.