పసిబిడ్డను ఆడించేదెవరు?

(వికారాబాద్‌, తాండూరు ప్రాంతాల మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన విషయం మూడేళ్ళలోపు పిల్లల ఆటపాటలు. పొద్దున టీ తాగేటప్పుడు ఒక అక్క నాతో, "కూలి రేట్ల గురించి మాట్లాడాలె, తాగుడు గురించి మాట్లాడాలె, గిలక్కాయల గురించి ఏం మాట్లాడతం?" అంది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. నేను చెప్పబోయేదంతా ఆమెకు జవాబు అనుకోండి. పసిబిడ్డ ఆట గురించి నిజాయితీగా మాట్లాడటం మొదలుపెడితే కూలి గురించి, బడి గురించి, ఆడవాళ్ళ పనిగంటల గురించి మాట్లాడక తప్పదు.

తాండూరు చుట్టుపక్కల నాపరాయి పాలిషింగు యూనిట్లు మీకందరికీ తెలుసు. పనివేళల్లో అక్కడికి వెళితే తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. షెడ్డు పక్కన ఇంత నీడ, రెండు గుంజల మధ్య పాత చీరతో కట్టిన తొట్టెల, అందులో ఏడెనిమిది నెలల బిడ్డ. తొట్టెల ఊపుతూ ఎనిమిదేళ్ళ అక్క. కొంచెం దూరంలో తల్లి బండలు మోస్తూ ఉంటుంది. వికారాబాద్‌ వైపు పత్తి తీతకు పోయినా, కంది కోతకు పోయినా షెడ్డు బదులు చెట్టు ఉంటుంది, అంతే తేడా.

ఆ బిడ్డ సంగతి చూద్దాం. పాలు అందుతున్నాయి, ఎండ తగలడం లేదు, ఏడిస్తే తొట్టెల ఊగుతున్నది. కాని కళ్ళముందు చీర మడత తప్ప ఏమీ లేదు. "ఊ" అన్నా, "అక్కు" అన్నా యంత్రం చప్పుడులో వినేవాళ్ళు లేరు, తిరిగి పలికేవాళ్ళు లేరు. పాకే వయసు వచ్చినా కింద దింపరు. దింపితే రాతి ముక్కలు, బురద గుంటలు. బిడ్డను తొట్టెలలోనే ఉంచడం తల్లి నిర్లక్ష్యం కాదు. ఆ చోట బిడ్డ ప్రాణం కాపాడటానికి ఆమెకున్న దారి అదొక్కటే.

ఇక అక్క సంగతి. ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉన్నప్పుడు, 1991 నుంచి, ఎం.వి. ఫౌండేషన్‌ ఇక్కడ బాలకార్మిక వ్యవస్థ మీద పనిచేసింది. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికురాలిగానే లెక్కించాలన్నది వాళ్ళు పట్టుబట్టిన సూత్రం. ఆ సూత్రం వల్లనే చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే ఆడపిల్ల చేసేది కూడా పనే అని మనం గుర్తించాం. మనలో చాలామందిమి ఇల్లిల్లూ తిరిగి ఆ పిల్లల్ని బడికి పంపించిన వాళ్ళమే. అప్పుడు తల్లులు మనల్ని ఒక ప్రశ్న అడిగారు: "పెద్దదాన్ని బడికి తోలిస్తే చిన్నదాన్ని ఎవరు పట్టుకోవాలె?" మనం దానికి సరైన జవాబు చెప్పలేదు. ఏదో ఒకటి చూసుకోమన్నాం. ముసలమ్మ ఉన్న ఇంట్లో ఆమె మీద పడింది. లేని ఇంట్లో తల్లి పని మానుకుంది, లేదా బిడ్డను పనికి వెంట తీసుకుపోయింది. చాలాచోట్ల పనుల కాలం రాగానే పెద్దపిల్ల మళ్ళీ బడి మానేసింది.

కాబట్టి పసిబిడ్డ ఆట, అక్క బడి, తల్లి కూలి – ఈ మూడూ ఒకే ముడి. ఒకదాన్ని వదిలేసి మరొకటి విప్పలేం.

ఇంతకీ పసిబిడ్డకు ఆట అంత అవసరమా? కడుపునిండా తిండి, రోగం రాకుండా టీకాలు ఉంటే చాలదా? చాలదని శాస్త్రం చెబుతున్నది. పుట్టిన మొదటి మూడేళ్ళలో మెదడు ఎదిగినంత వేగంగా ఆ తర్వాత ఎప్పుడూ ఎదగదు. మెదడులో కణానికీ కణానికీ మధ్య బంధాలు ఏర్పడేది ఆ వయసులోనే ఎక్కువ. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, వాడకపోతే పోతాయి. బిడ్డ శబ్దం చేస్తే మనం బదులు పలకడం, బిడ్డ చూసిన వస్తువును మనమూ చూసి పేరు చెప్పడం, పడేసింది తీసి ఇవ్వడం – ఇవన్నీ ఆ బంధాలను గట్టిపరిచే పనులు. మన నాయనమ్మలకు ఈ శాస్త్రం తెలియదు గాని పని తెలుసు. బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోస్తూ వాళ్ళు మాట్లాడే మాటలన్నీ ఇవే కదా!

జమైకా దేశం రాజధాని కింగ్‌స్టన్‌లో 1986–87లో మొదలైన అధ్యయనం ఒకటి చెబుతాను. పేద బస్తీల్లో, వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పిల్లల్ని తీసుకున్నారు. వాళ్ళ వయసు 9 నుంచి 24 నెలలు. కొందరికి పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్త వారానికి ఒక గంట వెళ్ళి, ఇంట్లో దొరికే వాటితో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో తల్లితో కలిసి చేసి చూపింది. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ అందలేదు. రెండేళ్ళు ఇలా నడిచింది. ఇరవై ఏళ్ళ తర్వాత వెతికి చూస్తే, చిన్నప్పుడు ఆట అందినవాళ్ళ సంపాదన అందని వాళ్ళకంటే 25 శాతం ఎక్కువగా ఉంది. ఈ ఫలితం 2014లో ప్రచురించారు. ఖరీదైన బొమ్మలు లేవు, పెద్ద భవనాలు లేవు. అయితే ఒకటి గమనించండి. ఆ ఇంటికి వెళ్ళిన ఆమె జీతం తీసుకుని వెళ్ళింది. శిక్షణ పొంది వెళ్ళింది.

మన ఇళ్ళలో ఏం చేయవచ్చో ఇప్పుడు చెబుతాను. ఆరు నెలలలోపు బిడ్డకు అన్నిటికంటే మంచి బొమ్మ మనిషి ముఖం. దగ్గరగా వంగి మాట్లాడి, ఆగి, బిడ్డ పలికేదాకా చూడాలి. పలికితే మళ్ళీ మనం పలకాలి. ఆరు నెలలు దాటాక చెంబు, గరిటె, మూత చేతికివ్వండి. బిడ్డ వాటిని కొడుతుంది, విసురుతుంది, నోట్లో పెట్టుకుంటుంది. అది అల్లరి కాదు, పరిశోధన. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని తీసే దోబూచులాట వల్ల, కనిపించనిది కూడా ఉంటుందని బిడ్డ తెలుసుకుంటుంది. ఏడాది దాటితే ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయడం, చిన్న గిన్నె పెద్ద గిన్నెలో పట్టించడం, గుడ్డ బంతి దొర్లించడం. రెండేళ్ళు దాటితే మట్టి, నీళ్ళు, ఆకులు, గురుగులు, పేర్లు చెప్పే ఆట, చిన్న చిన్న కథలు. కంది గింజలు, చింతగింజలు, పల్లీలు మాత్రం విడిగా చేతికివ్వొద్దు. గొంతుకు అడ్డం పడితే ప్రాణం పోతుంది. గిలక్కాయ చేయాలంటే గింజల్ని సీసాలో పోసి మూత ఊడకుండా గట్టిగా బిగించండి. నీళ్ళ బకెట్టు దగ్గర బిడ్డను ఒంటరిగా వదలొద్దు.

భాష గురించి ఒక మాట. తాండూరు దాటితే కర్ణాటక. ఇక్కడ తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ పక్కపక్కనే వినిపిస్తాయి. తండాలో తల్లి బిడ్డతో లంబాడీలో మాట్లాడుతుంటే, "తెలుగులో మాట్లాడమ్మా, రేపు బడిలో కష్టమవుతుంది" అని మన కార్యకర్తలే చెప్పడం విన్నాను. అది తప్పు సలహా. తల్లికి ఏ భాషలో మాటలు ధారాళంగా వస్తాయో ఆ భాషలోనే బిడ్డతో ఆడాలి. రెండు మూడు భాషలు వింటూ పెరగడం బిడ్డకు భారం కాదు.

సెల్‌ఫోన్‌ సంగతి కూడా మాట్లాడాలి. ఏడుస్తున్న బిడ్డ చేతిలో ఫోన్‌ పెట్టడం ఇప్పుడు ఊళ్ళల్లో కూడా మామూలైంది. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దని, ఆ తర్వాత కూడా రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్‌ బొమ్మ చూపిస్తుంది గాని బిడ్డ పలికితే బదులివ్వదు. అయితే ఫోన్‌ ఇచ్చిన తల్లిని తిట్టే ముందు ఆమె చేతిలో అప్పుడు ఏం పని ఉందో చూడండి. ఆమెకు తోడు ఎవరూ లేకనే ఫోన్‌ తోడైంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024లో "నవచేతన" పేరుతో పుట్టిన నాటి నుంచి మూడేళ్ళ వరకు పిల్లల ఎదుగుదల కోసం ఒక చట్రం తెచ్చింది. అందులో 36 నెలలకు నెలవారీగా 140 ఆటలు, పనులు ఉన్నాయి. మంచివే. కాని వాటిని చేయవలసింది ఎవరు? పొద్దుపోయేదాకా బండలు మోసి వచ్చి, వండి, అంట్లు తోమే తల్లి. ఆమెకు నేర్పవలసింది ఎవరు? వండించి, పిల్లల్ని తూచి, ఫోన్‌లో వివరాలు ఎక్కించి, ఇప్పటికీ జీతం కాక గౌరవ వేతనం తీసుకునే అంగన్‌వాడీ టీచర్‌. ఒక ఆడమనిషి అలసట మీద ఇంకో ఆడమనిషి అలసటను పేర్చి దానికి పథకం అని పేరు పెట్టారు. నాన్న సంగతి అడిగేవాళ్ళు తక్కువ. పాలివ్వడానికి తల్లి కావాలి గాని, ఆడించడానికి తల్లే కానక్కర్లేదు. బిడ్డను ఎత్తుకుని రచ్చబండ దగ్గరికి వచ్చిన మగవాడిని చూసి నవ్వడం మన ఊళ్ళు మానుకోవాలి.

చట్టాలు ఏమంటున్నాయి? 1989 బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను హక్కు అన్నది. పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు సంరక్షణ కేంద్రాల సేవలు పొందే హక్కు ఉందని 18వ అధికరణం అన్నది. 1992లో మన దేశం దాన్ని ఆమోదించింది. కాని 2002 రాజ్యాంగ సవరణ చదువును ప్రాథమిక హక్కు చేసినప్పుడు 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకే చేసింది. ఆరేళ్ళలోపు వాళ్ళను ఆదేశిక సూత్రాల్లోని 45వ అధికరణానికి వదిలేసింది. అంటే ప్రభుత్వం ప్రయత్నించాలి, కాని బిడ్డ తరఫున కోర్టుకు పోయి నిలదీసి అడగలేం. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు అంగన్‌వాడీలో కూచుంటారు. మూడేళ్ళలోపు బిడ్డకు అందేది ముఖ్యంగా బాలామృతం ప్యాకెట్టు, బరువు తూకం.

పనిచోట్ల శిశు సంరక్షణ కేంద్రాలకు చట్టం ఎప్పటినుంచో ఉంది. ఫ్యాక్టరీల చట్టం 1976 సవరణతో, 30 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పెట్టాలంది. 2017 ప్రసూతి చట్ట సవరణ 50 మంది ఉద్యోగులున్న చోట అంది. 2025 నవంబర్‌ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌ కూడా 50 అంకెనే పట్టుకుంది. పదిమందో ఇరవైమందో పనిచేసే పాలిషింగు యూనిట్‌ ఆ అంకెకు ఎప్పుడు చేరుతుంది? కంది చేను ఎప్పుడు చేరుతుంది? 2005 ఉపాధి హామీ చట్టంలో మాత్రం, పనిచోటికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్ళను చూడటానికి ఒక స్త్రీని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. పసిబిడ్డను చూడటం కూలి కట్టవలసిన పని అని ఒప్పుకున్న రాత అది. మనం ఆ రాతను ఎన్ని పనిచోట్ల అమలు చేయించగలిగామో ఎవరికి వారు గుండెమీద చెయ్యేసుకుని చెప్పాలి.

ఇది సాధ్యం కాని పనేమీ కాదు. 1969లో మీరా మహదేవన్‌ ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం పనిచోటులోనే ఒక గుడారంలో మొబైల్‌ క్రెష్‌ మొదలుపెట్టారు. 2022లో వచ్చిన "పాల్నా" పథకం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం అంగన్‌వాడీలోనే రోజంతా సంరక్షణ కేంద్రం నడపవచ్చంటున్నది. కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడి కేంద్రం పెట్టుకోవడానికి కొత్త కోడ్‌లోనూ వీలుంది. తాండూరు యూనిట్లు అంకె చాలదని తప్పించుకోకుండా కలిసి ఒక కేంద్రం పెట్టమని మనం అడగాలి. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని బస్తీ అయినా, తండా అయినా అడిగిన మూడు నెలల్లో కేంద్రం పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్‌ 13న ఆదేశించింది. వలస వచ్చిన రాతిపని కుటుంబాల బస్తీలకు ఆ తీర్పు పనికొస్తుంది.

ఈ కేంద్రాల్లో పనిచేసే ఆయాకు, టీచర్‌కు కనీస వేతనం మన కోరికల్లో మొదటి వరుసలో ఉండాలి. వాళ్ళ చవక శ్రమ మీద మన పిల్లల హక్కులు నిలబెట్టుకోలేం.

చివరగా ఒక పని అప్పజెబుతాను. ఇక్కడినుంచి వెళ్ళాక మీ ఊళ్ళో, బస్తీలో మూడేళ్ళలోపు పిల్లలందరి పేర్లు రాయండి. ప్రతి పేరు ఎదురుగా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో రాయండి. తల్లి పనిచోటా? ముసలమ్మా? బడి మానేసిన అక్కా? ఎవరూ లేరా? తల్లులను నిందించే ఒక్క మాట కూడా ఆ కాగితంలో ఉండకూడదు. అన్ని ఊళ్ళ కాగితాలు కలిపి పట్టుకుని జిల్లా కలెక్టరు దగ్గరికి, పాలిషింగు యూనిట్ల యజమానుల దగ్గరికి అందరం కలిసి వెళదాం. గిలక్కాయల గురించి ఏం మాట్లాడతామని పొద్దున అడిగిన అక్క మనతో ముందు వరుసలో నడవాలని కోరుతున్నాను.