వాక్యానికి ప్రాణం ఎక్కడిది?

(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చదివిన ప్రసంగం)



మన పేటల్లో, పల్లెల్లో పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు. "మీ సంఘం వాళ్లవి మాటలే అబ్బాయ్. వాక్యం వాక్యమే. మాటలు గాలికి పోతయ్, వాక్యం నిలబడుద్ది." ఇది చాదస్తమని నవ్వి ఊరుకునే కార్యకర్తలు ఉన్నారు. నవ్వాల్సిన మాట కాదిది. ఇందులో సంఘాలు నేర్చుకోవాల్సిన పాఠం ఉంది. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

మాటలకేం తక్కువ? ఇళ్ల స్థలం ఇస్తామన్నారు, మాటే. శ్మశానానికి దారి వేయిస్తామన్నారు, మాటే. మాటలు కోటలు దాటతయ్ గాని కాలు గడప దాటదని మనవాళ్లు ఊరికే అనలేదు. వాక్యం అట్లాంటిది కాదంటారు. దేవుడి వాక్యానికి ప్రాణం ఉందనీ, అది కత్తికన్నా పదునైందనీ బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక చెప్తుంది. దేవుడి సంగతి ఎవరి నమ్మకం వారిది, దాని జోలికి మనం పోవద్దు. మనం అడిగేది ఇంకొకటి. అక్షరం ముక్క రానివ్వని మన తాతముత్తాతల దగ్గరికి వచ్చాక ఆ వాక్యం ఏం పని చేసింది?

ఒంగోలు ప్రాంతం సంగతి చూడండి. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. ఆ తర్వాత తన బంధువర్గం ఉన్న పల్లెలన్నీ తిరిగి చెప్పాడు. 1876-78 నాటి కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలి పని చూపించాడు. పగలు మట్టి మోత, దిగినప్పుడు వాక్యం. కూటి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. కరువు తేలికపడ్డాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ అంకె అందరూ చెప్తారు. మనం చూడాల్సింది ఆ అంకె కాదు, ఆ తర్వాత పల్లెలో ఏం జరిగిందనేది. చేరినవాళ్లకి మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కాని వెట్టి మనిషి ఆదివారం పనికి రానంటే ఆ రోజుల్లో దాని అర్థం ఏమిటి? జాతరకి డప్పు కొట్టనంటే ఏమిటి? ఆసామికి, కరణానికి అది తిరుగుబాటే. దెబ్బలు తిన్నారు, పనులు పోయినయ్. అయినా నిలబడ్డారు. పుట్టిన దగ్గర్నించీ పైవాళ్ల మాటకి తలొంచిన మనిషికి, వాళ్ల మాటకన్నా పెద్దమాట ఒకటుందని తెలిసింది. వాక్యం చేసిన పని అది.

ఆ వాక్యాన్ని వాళ్లు ఎట్లా ఉంచుకున్నారో కూడా చూడండి. చదువు రానివాళ్లు విని కంఠతా పట్టారు. పాటగా కట్టుకుని పాడుకున్నారు. వారం వారం ఒకచోట కూర్చుని గట్టిగా చదివించుకున్నారు. చదవడం కోసమే పిల్లల్ని బడికి పంపారు. నలుగురూ కలిసి వినడం, గుర్తుపెట్టుకోవడం, చెప్పింది చెయ్యడం, చేసినందుకు వచ్చిన కష్టం కలిసి మొయ్యడం. ఈ నాలుగూ ఉన్నచోట మాట వాక్యమవుతుంది.

అయితే ప్రాణమున్న గ్రంథాలన్నీ మంచి చేస్తాయనుకుంటే పొరపాటు. వేదం విన్న శూద్రుడి చెవిలో తగరం, లక్క కరిగించి పోయమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. మనుస్మృతి పుట్టుకతోనే మనిషికి మెట్టు కేటాయించింది. ఆ పుస్తకాలు మన ఊళ్లో ఎవరింట్లోనూ ఉండకపోవచ్చు. కాని హోటల్లో విడిగా పెట్టిన గ్లాసులో, గుడి గడపలో, శ్మశానం హద్దులో, పరువు పేరుతో ప్రేమించుకున్న పిల్లల్ని చంపే కత్తిలో అవి బతికే ఉన్నయ్. ఎవరూ చదవకుండానే అమలయ్యే గ్రంథం అది. అందుకే 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నాయకత్వాన మనుస్మృతిని తగలబెట్టారు. కాగితం మీద కోపంతో కాదు. దాన్ని చూపించి మనుషుల్ని తొక్కే అధికారం మీద కోపంతో.

అదే మహద్‌లో ఇంకో పాఠం ఉంది. ప్రజల సొమ్ముతో కట్టిన చెరువులు, బావులు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మున్సిపాలిటీ కూడా చౌదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. ఏమైంది? చెరువు అక్కడే, తీర్మానం అక్కడే, మనవాళ్ల దాహం అక్కడే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెనక వేలమంది నడిచి వెళ్లి దోసిలితో నీళ్లు తాగారు. తిరిగొచ్చేటప్పుడు దెబ్బలు తిన్నారు. చెరువు మాదేనని అవతలివాళ్లు కోర్టుకెక్కితే, పదేళ్లు పోరాడి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు. తీర్మానానికి ప్రాణం పోసింది దాన్ని రాసిన కలం కాదు, ఆ దోసిలి.

ఇక మన సంగతికి వద్దాం. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, ఏ రూపంలో పాటించినా నేరమంది. 1950 జనవరి 26 నించి అది అమల్లో ఉంది. కాని 1985 జులై 17న కారంచేడులో ఏం జరిగింది? మేం తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవలో ఆరుగురు మాదిగల్ని చంపారు. మహద్ తర్వాత 58 ఏళ్లకి మళ్లీ నీళ్లే! ఆ నెత్తురు లోంచి, చీరాల శిబిరం లోంచి దళిత మహాసభ పుట్టింది. దేశం నలుమూలలా ఇట్లాంటి నెత్తురు పారిన తర్వాతే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది.

ఆ చట్టం నాలుగో సెక్షన్‌లో, 2016 జనవరి 26 నించి అమల్లోకి వచ్చిన సవరణలో, ఒక మాట ఉంది. అందరూ బాగా వినండి. బాధితుడు నోటితో చెప్పింది స్టేషన్లో రాసుకోవాలి. సంతకం తీసుకునే ముందు ఆ రాసింది అతనికి చదివి వినిపించాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. బాధ్యత గల అధికారి కావాలని ఇది ఎగ్గొడితే, విచారణ తర్వాత ఆర్నెల్ల నించి ఏడాది దాకా జైలు పడొచ్చు. ఎంత తేడానో చూడండి! ఒక గ్రంథం మన చెవిలో అక్షరం పడితే లక్క పొయ్యమంది. ఈ చట్టం మన చెవికి చదివి వినిపించకపోతే నేరమంటోంది.

దీన్ని కూడా చంపబోయారు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పుతో ముందస్తు విచారణ, అరెస్టుకి అనుమతి అంటూ చట్టం చేతులు కట్టేశారు. ఏప్రిల్ 2న దేశమంతా మనవాళ్లు రోడ్డెక్కారు, ప్రాణాలు పోయినయ్. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి చట్టాన్ని నిలబెట్టింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణని ఒప్పుకుంది.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప వేరే మతంలోకి పోయినవాళ్లు ఎస్సీలు కారు. వాక్యం పట్టుకున్న మన అన్నదమ్ములు కాగితం మీద బీసీ-సీ. వాళ్లకి ఈ చట్టం రక్షణ లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా చెప్పింది. చర్చికి పోయినంత మాత్రాన ఊళ్లో విడి గ్లాసు పోయిందా? పోలేదు. కులం వెంటాడుతోంది, రక్షణ ఆగిపోతోంది. రెండు పుస్తకాల మధ్య మన ఇంటిని చీల్చే ఈ గీత చెరగాలి. ఆ పోరాటంలో చర్చికి పోయేవాళ్లూ, పోనివాళ్లూ ఒక్కటిగా ఉండాలి.

మరి సంఘం చెయ్యాల్సిందేమిటి? అంబేడ్కర్ బొమ్మకి దండ వేసి, రాజ్యాంగాన్ని బీరువాలో పెడితే అదీ చచ్చిన పుస్తకమే. మన ముసలమ్మలు వాక్యాన్ని ఎట్లా ఉంచుకున్నారో చట్టాన్నీ అట్లా ఉంచుకోవాలి. ప్రతి పల్లెలో వారానికి ఒక రాత్రి అరగంట కూర్చోండి. చదువుకున్న ఆడపిల్ల చేత గట్టిగా చదివించండి. రానివాళ్లు కంఠతా పట్టండి. పాట కట్టేవాళ్లు పాట కట్టండి. స్టేషన్‌కి ఒంటరిగా పోవద్దు, నలుగురు కలిసి పోండి. ఎస్సై కాగితం ముందు పెట్టి వేలిముద్ర వెయ్యమంటే, "చదివి వినిపించండయ్యా, ఆ తర్వాతే వేస్తాం" అనండి. కాపీ చేతికొచ్చేదాకా అక్కడినించి కదలొద్దు.

వచ్చే వారం మొదటి పాఠం 17వ అధికరణం. రెండో పాఠం నాలుగో సెక్షన్. ఎవరి పల్లెలో ఎవరు చదివి వినిపిస్తారో ఇవాళ ఇక్కడే పేర్లు రాసి ఇచ్చి వెళ్లండి.

జై భీమ్!