తాలూకా కచేరీ పంచిన నెల



2022 ఏప్రిల్‌లో మన జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు మా అన్నయ్యగారి మనవడు ఫోను చేశాడు. రెవెన్యూలో చిన్న ఉద్యోగం వాడిది. "తాతయ్యా, మీరోజుల్లో ఫైళ్ళు ఎలా పంచారు?" అన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

1985 మే 25న మండలాలు వచ్చాయి. మా తాలూకా అయిదు ముక్కలైంది. నేను అప్పుడు రికార్డు రూము చూసే గుమాస్తాని. ఫసలీ 1394 ముగింపుకొచ్చింది, జమాబందీ నెత్తిమీద ఉంది. వానలు పడకముందే కాగితాలన్నీ చేరిపోవాలన్నారు. కొత్త ఆఫీసులకు దొరికిన కొంపలేమిటంటే ఒకటి పెంకుటిల్లు, ఒకటి పాత సత్రం.

ఊరివారీగా ఉన్నవి తేలికే. అడంగళ్ళు, 10(1) లెక్కలు, ఎఫ్.ఎం.బి.లు ఎర్రగుడ్డలో మూటకట్టి ఏ మండలానివి ఆ మండలానికి పంపేశాం. చిక్కల్లా ఉమ్మడి ఫైళ్ళతోనే. ఒకే డి-పట్టాల ఫైల్లో మూడు ఊళ్ళవాళ్ళుంటారు. ఆ ఊళ్ళేమో రెండు మండలాల్లో పడ్డాయి. ఫైలును చింపి పంచలేం కదా! పోనీ కరణాన్ని అడుగుదామా అంటే, 1984 జనవరిలోనే ఆ పదవులు రద్దయ్యాయి. మాకు దిక్కు మా బంట్రోతే. చదివింది మూడో తరగతి. ఏ మూట ఏ అరలో ఉందో నా రిజిస్టరు కన్నా ఆయనకే బాగా తెలుసు.

మూడో రోజు సాయంత్రం మబ్బు పట్టింది. ట్రాక్టరువాడు తొందరపెడుతున్నాడు. జాబితా చూశానే గాని మూటలు మళ్ళీ లెక్కపెట్టలేదు. సంతకం చేసేశాను.

మూడు నెలలకు ఒక ముసలమ్మ వచ్చింది. భర్త పేర ఇచ్చిన డి-పట్టా భూమిలో పక్కరైతు అరక కట్టాడట. పట్టా కాగితం వరదలో పోయింది, ఆఫీసు నకలే ఆధారం. కొత్త ఆఫీసువాళ్ళు మా దగ్గరుందన్నారు, మేము పంపేశామన్నాం. బస్సు ఛార్జీలు పెట్టుకుని ఆవిడ నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి నా ముఖం చూడలేదు, బంట్రోతుతోనే మాట్లాడింది.

ఆదివారం ఇద్దరం సైకిళ్ళ మీద సత్రానికి వెళ్ళాం. చీటీ ఊడిపోయిన మూట ఒకటి, ఒరిగిన బీరువా కాలు కింద ఎత్తు పెట్టి ఉంది! పై కాగితాలు చెద తినేసింది. ఆవిడ భర్త పేరున్న కాగితం లోపల భద్రంగా ఉంది. నకలు ఇప్పించాం. నాకు మెమో వచ్చింది. అది న్యాయమే.

మనవడికి చెప్పాను: "ఎక్కించేచోట ఒకడు, దింపేచోట ఒకడు లెక్కపెట్టాలి. ఉమ్మడి ఫైలు ఎక్కడుందో రెండో ఆఫీసు రిజిస్టరులోనూ రాయాలి. పాత బంట్రోతును ముందుగా బదిలీ చేయనివ్వకు." మొదటి రెండూ రాసుకున్నాడు. మూడోది తన చేతుల్లో లేదన్నాడు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.