వినికిడికి పరీక్ష, చదువునకు పరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



రజతోత్సవ సభలో ఆంగ్లపరీక్షను గూర్చిన ప్రసంగమేల యని కొందఱకు తోచవచ్చును. ఈ గ్రంథాలయపు బీరువాలలో భారత భాగవతములు, శతకములు, నవలలు ఎన్ని యున్నను, సాయంకాలమున బల్లలకడ కూర్చుండు బాలబాలికల చేతులలో నుండునవి ఇంటర్మీడియటు గైడ్లు. వానిలో నెక్కువ నలిగినది ఆంగ్లపు గైడు. ఆ బిడ్డల తల్లిదండ్రులు ఏటికొకసారి మార్కుల కాగితము మీద నొక అంకెను చూతురు. ఆ అంకె దేనిని కొలిచి వేసినదో వారికెవ్వరును చెప్పరు. చెప్పవలసిన సంగతి యదియే.

బాన్సువాడ సీమకు చెవిలోపము లేదు. మంజీర పారు ఈ ప్రాంతమున తెలుగుతోపాటు ఉర్దూ వినబడును. పడమటికి పోయినకొలది మరాఠీ, కన్నడములు వినబడును. తండాలలో లంబాడీ మాట కలదు. సంతలో కూరగాయలమ్ము అవ్వకు ఉర్దూ అక్షరము ఒక్కటియు రాదు. అయినను ఉర్దూలో బేరమాడుటయం దామెను మించువారు లేరు. ధర యడిగినవాని గొంతును బట్టియే వాడు కొనవచ్చెనో, ఊరక యడుగుచున్నాడో ఆమె పసికట్టును. ఆమెకు ఆ భాష చెవి త్రోవను వచ్చినది. పురాణకాలక్షేపములలో కూర్చుండి భారతకథ నంతయు వంటబట్టించుకొన్న వెనుకటి పెద్దల సంగతియు నిట్టిదే. వారిని చదువురానివారని యనవచ్చును గాని విననేర్వనివారని యనరాదు.

ఆంగ్లము వచ్చిన త్రోవ వేరు. అది అక్షరరూపమున వచ్చి అక్షరరూపముననే నిలిచినది. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసినప్పుడును ఆంగ్లము తప్పనిసరి పాఠ్యవిషయముగా నుండెను. తరువాత రాజ్యములు మాఱినవి, మాధ్యమములు మాఱినవి. ఆంగ్లపుస్తకము మాత్రము పిల్లల సంచిని విడువలేదు. విడువనిది మఱియొకటి కలదు, అది వ్రాతపరీక్ష. 1971లో ఇంటర్మీడియటు విద్యామండలి యేర్పడిన పిమ్మట సుమారు అర్ధశతాబ్దము ఆంగ్లపరీక్ష యనగా మూడు గంటల వ్రాతయే. వినుటకు మార్కు లేదు. మాటలాడుటకు మార్కు లేదు.

ఉచ్చారణకు మాత్రము మార్కులుండెను. అవియు కాగితము మీదనే! ఒక పదమిచ్చి దానిలో పలుకబడని అక్షరమును చూపుమందురు. కొన్ని పదములిచ్చి వానిలో ధ్వని భేదించినదానిని ఏఱుమందురు. 'నైఫ్' అను మాటకు మొదట 'కె' అను అక్షరము వ్రాతలో నుండి పలుకులో లేదని విద్యార్థి చక్కగా వ్రాసి మార్కు తెచ్చుకొనును. ఆ మాటను ఎవరైన పలుకగా వాడు వినియుండ నక్కఱలేదు. గైడులోని పట్టిక చాలును. చెవికి పెట్టిన పరీక్షను చెవి లేకయే నెగ్గవచ్చునన్నమాట. పాణినీయశిక్ష అధమపాఠకులను లెక్కించుచు, వ్రాతను చూచి మాత్రమే చదువగలవానిని, అర్థమెఱుగక చదువువానిని వారిలో చేర్చినది. స్వరము తప్పి మంత్రము పలికినందున, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రునిచేతనే చచ్చెనను కథ పెద్దలెఱిగినదే. ధ్వనికి ప్రాచీను లంత విలువ యిచ్చిరి. అట్టి దేశమున ధ్వనిని సిరాతో కొలుచుట వింతయే.

ఈ లోపమును తీర్చుటకు తెలంగాణ ఇంటర్మీడియటు బోర్డు పూనుకొన్నది. 2023-24 విద్యాసంవత్సరమున ప్రథమ సంవత్సరమువారికి, 2024-25లో ద్వితీయ సంవత్సరమువారికిని ఆంగ్లమున ప్రయోగపరీక్ష పెట్టి, నూటికి 20 మార్కులు దానికిచ్చి, వ్రాతను 80కి తగ్గించినది. రసాయనశాస్త్రమునకు వలె ఆంగ్లమునకు ప్రాక్టికల్సు! ఒక విషయముపై నిమిషముసేపు మాటలాడుట, పాత్రలు వహించి సంభాషించుట, విని జవాబిచ్చుట మున్నగునవి యిందు చేరినవి. ఇది మెచ్చదగిన మార్పు. చిక్కంతయు దానిని జరిపించుటలో నున్నది.

పాత పట్వారీ దస్త్రము లెఱిగిన రైతులకు ఒక సంగతి తెలియును. పంటకాలమున చేను చేనికి తిరిగి, గట్టు మీద నిలిచి చూచి వ్రాసిన పహాణీ యొకటి. చావడిలో కూర్చుండి, నిరుటిదానిని ముందు పెట్టుకొని యెక్కించిన పహాణీ యొకటి. రెండింటను గళ్లు నిండియే యుండును. సంతకములు సరిగనే యుండును. కాని రెండవదానిలో బీడుభూమియందు వరి పండును. ఏ యేడైన కరవు వచ్చి శిస్తుమాఫీ కోరబోయినపుడు గాని, ఆ లేని వరి తన కెంత చేటు తెచ్చెనో రైతునకు తెలియదు. వినిపింపకయే అందఱికిని ఇరువదికి ఇరువది వేసిన వినికిడి పరీక్ష యీ రెండవ జాతి పహాణీ. వేసిన నాడు ఇంటిల్లిపాదికిని సంతోషమే. ఆ బిడ్డ నర్సింగు చదువబోయి, మందు మోతాదు పదునైదో ఏబదో తెలియక నిలిచిపోయిన నాడు, ఆ మార్కు అక్కఱకు రాదు. గల్ఫుదేశములకు పోయిన కుఱ్ఱవానికి మేస్త్రీ చెప్పిన జాగ్రత్త సగము మాత్రమే చెవికెక్కిన నాడును అంతే.

పదునైదు, ఏబది యను ఉదాహరణము ఊరక చెప్పినది కాదు. ఆంగ్లమున 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' అనువానికి గల భేదము చివరనున్న ఒక్క హల్లులోను, ఊనికలోను కలదు. తెలుగు అజంతభాష, అచ్చతెనుగు మాటలు మిక్కిలిగా అచ్చుతో ముగియును. అందుచేతనే బస్ అనునది బస్సైనది, కార్ అనునది కారైనది. మాట తుది హల్లును గమనించు అలవాటు తెలుగు చెవికి తక్కువ. ఆంగ్లమునకైతే ప్రాణ మా తుదినే యుండును. ఏకవచనమో బహువచనమో, జరుగుచున్నదో జరిగిపోయినదో, చేయగలడో చేయలేడో, అన్నియు చివరనున్న స, ట, డ వంటి చిన్న ధ్వనులలో తేలును. మఱియు తెలుగున ప్రతి అక్షరమును ఇంచుమించు సమముగా పలుకుదురు. ఆంగ్లేయుడు ఒక అక్షరమును ఒత్తి, ప్రక్కవానిని మ్రింగును. 'వెజిటబుల్' అని పుస్తకములో చదివినవానికి 'వెజ్‌టబుల్' అని విన్నపుడు అది తానెఱిగిన కూరగాయయే యని తట్టదు. కన్ను ఎఱిగినదానిని చెవి యెఱుగకుండుట యనగా నిదియే.

కావున వినికిడి ప్రశ్నను అల్లువాడు ద్రోణుని తలచుకొనవలెను. ధర్మరాజు పలికినది రెండు ముక్కలు. అశ్వత్థామ హతుడయ్యెనను ముక్క ద్రోణునకు వినబడినది. ఏనుగను ముక్క వినబడలేదు. తుది మాట అందనందున ఆచార్యుడు అస్త్రములు విడిచెను. ప్రశ్న ఆ తుదిముక్క మీద నుండవలెను. వినిపించిన భాగములో నెవరి పేరు వచ్చినది, ఏ ఊరి పేరు వచ్చినది యని యడిగినచో, పేర్లు ఏ భాషయందైన నవియే గనుక, భాష రానివాడును జవాబు చెప్పును. ఆ మనుష్యుడు వత్తునన్నాడా, రానన్నాడా, వర్షము కురియనిచో వత్తునన్నాడా యని యడిగిన నాడు చెవి బయటపడును.

జరిపించు పద్ధతికిని న్యాయము కావలెను. విద్యార్థి తాను దేనికొఱకు వినుచున్నాడో ముందుగ నెఱుగుటకై ప్రశ్నలను మొదటనే చూపుట మేలు. పల్లెపిల్లలకు రెండుమార్లు వినిపించుట దోషము కాదు. జవాబు ఒక మాటయో, ఒక గుర్తో చాలును. పుటలు వ్రాయించినచో అది మరల చేతికి పరీక్షయగును. విన్నది సరిగా గ్రహించినవాడు వర్ణక్రమము తప్పినాడని మార్కు కోయరాదు. మాట మాటను విడదీసి, నెమ్మదిగా రెండేసిసారులు చదివినచో అది వినికిడి గాదు, ఇమ్లా యగును. ఇమ్లా మంచి అభ్యాసమే. ఉర్దూ బడులలో చదివిన పెద్దలకు దాని బలము తెలియును. కాని లోకములో నెవ్వరును ఇమ్లా చెప్పినట్లు మాటలాడరు గదా. ఇక వినిపించు గొంతు లండనుదే కానక్కఱలేదు. బ్యాంకులోను, ఆసుపత్రిలోను, కళాశాలలోను ఈ పిల్లలు వినబోవునది మిక్కిలిగా భారతీయుల ఆంగ్లమే.

అన్యదేశములలో దీని కెంత పట్టింపు కలదో యొక్క ముచ్చట. దక్షిణ కొరియాలో ఉన్నత పాఠశాల ముగించినవారు విశ్వవిద్యాలయ ప్రవేశమునకై ఏటికొకసారి వ్రాయు పరీక్షలో ఆంగ్లపు ప్రశ్నలు 45. వానిలో 17 విని జవాబు వ్రాయవలసినవి. ఆ వినికిడి భాగము జరుగునపుడు సుమారు 35 నిమిషములసేపు దేశమంతటను విమానములు దిగరాదు, ఎగురరాదు. బాన్సువాడలో పరీక్షగది ప్రక్కనుండి పెండ్లి బ్యాండు పోకుండిన నదియే పదివేలు! జపానువారు 2006లో తమ ప్రవేశపరీక్షయందు ఆంగ్ల వినికిడిని చేర్చిరి. 2021 నుండి చదువునకు 100, వినికిడికి 100 మార్కులు పెట్టిరి. విదేశములకు చదువుకొన బోవు తెలుగు పిల్లలు వ్రాయు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో సుమారు అరగంటలో 40 ప్రశ్నల కొకేసారి విని జవాబు వ్రాయవలెను. చదువుటకు వేఱుగ గంటకాలము, 40 ప్రశ్నలు. ఇంటర్మీడియటులో దయతలచి వేసిన మార్కు అచ్చట చెల్లదు.

చదువు పరీక్ష సంగతి మఱియొక రీతి. అది యెల్లప్పుడు నుండినదే కనుక సరిగా నున్నదని లోకులు భ్రమింతురు. పాఠ్యపుస్తకములోని వాక్యమునిచ్చి సందర్భము వ్రాయుమన్నచో అది జ్ఞాపకమునకు పరీక్ష. విద్యార్థి చూడని భాగమునిచ్చినను తప్పించుకొను త్రోవ కలదు. ఈ క్రింది వాక్యమును ఆలకింపుడు: కింబురుడు దొంగ్లమును మొంద్రిలో పెనికెను. దీనిని పెనికినదెవరు? కింబురుడు. దేనిని? దొంగ్లమును. ఎచ్చట? మొంద్రిలో. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు, నిండు మార్కులు! కింబురుడన నెవరో, పెనుకుట యన నేమో ఈ సభలో నెవ్వరికిని తెలియదు, తెలియుటకు అర్థమే లేదు. ప్రశ్నలోని మాట భాగములో నెచ్చట నున్నదో వెదకి ఆ వాక్యమును దించుట యీ మాయవంటిదే. ఎందఱో తెలివైన పిల్లలు ఈ విద్యతో గట్టెక్కి, చదువవచ్చినదనియే నమ్ముచున్నారు.

దీనికి ప్రతిగా నిజాంసాగరు కాలువను గూర్చి యొక ఆంగ్లభాగ మిచ్చినారనుకొందము. తూములెత్తినది సోమవారమనియు, మొదటి గ్రామమునకు నీరు మఱునాడు చేరెననియు, చివరి గ్రామమునకు అటుపై మూడు దినములు పట్టెననియు అందున్నది. చివరి గ్రామపు రైతు నీరు చూచిన వార మేది? శుక్రవారమను మాట భాగములో నెచ్చటను లేదు. మూడు వాక్యములు చదివి, కలిపి, తేల్చుకొనవలెను. ఇది చదువునకు పరీక్ష. ఇందు మఱియొక న్యాయమును కలదు. మంచుకొండలమీది జాఱుడాటను గూర్చిన భాగమిచ్చినచో నగరపు పిల్లవాడు చలనచిత్రములలో చూచినదానితో నెగ్గును; తాడ్వాయి పిల్ల ఆటయే తెలియక ఓడును. అది ఆంగ్లమున ఓటమి కాదు.

ఈ మాటలిప్పుడు చెప్పుటకు కారణము కలదు. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి ఎనిమిదవ తరగతివఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. నాడు ఎనిమిదవ తరగతిలో నున్నవారు 2025-26లో ఇంటర్మీడియటు ప్రథమ సంవత్సరమున అడుగిడిరి. వారికి ఆంగ్లము ఒక పాఠ్యవిషయము మాత్రమే కాదు. భౌతికశాస్త్రమైనను, వృక్షశాస్త్రమైనను ఆంగ్లముననే విని, ఆంగ్లముననే చదువవలెను. చెవి సిద్ధముకాని బిడ్డకు ఒక పాఠము కాదు, అన్ని పాఠములు నడుగంటును. నేర్పకయే కఠినముగా పరీక్షించుట యన్యాయమని కొందఱందురు. నిజమే, విత్తని చేనికి శిస్తు కొలువరాదు. అయితే విత్తవలసినది కళాశాలయందొక్కటనే కాదు. ఆంగ్లోపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకై 1958లోనే హైదరాబాదున ఆంగ్లభాషా కేంద్రసంస్థ వెలసినది; నేడది విశ్వవిద్యాలయము. ఆ దీపపు వెలుగు బాన్సువాడ తండాలవఱకు ఎప్పుడు ప్రాకునో యని కూర్చుండ నవసరము లేదు.

ఈ గ్రంథాలయమున జరుగవలసినది స్వల్పము. సాయంకాలము పది నిమిషములు ఒక విద్యార్థి ఆంగ్లపత్రికలో నొక వార్తను పెద్దగా చదువవలెను. తక్కినవారు పుస్తకములు మూసి వినవలెను. విన్నపిమ్మట తెలుగున నొకరు సంగతి చెప్పవలెను. తెలుగున చెప్పగలిగెనేని అర్థమైనట్లే. కొన్ని దినములు మనుష్యుని బదులు ఆకాశవాణి ఆంగ్లవార్తలు పెట్టవచ్చును. అవి చేతిఫోనులోను వచ్చుచున్నవి. ఏడాదిలో 200 దినములు జరిగినను 33 గంటలు దాటును. ఖర్చు లేదు. ఆంగ్ల దినపత్రిక యెటులను వచ్చుచునే యున్నది, దానిలో నలుగునది క్రికెట్టు పుట యొక్కటియే. మొదట ఆ పుటనే చదివింపవచ్చును.