పేపర్లో నంబరు లేనివాళ్ళు

(మన హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1974-75 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఈ వయసులో కూడా మన మాట కాదనలేక వచ్చిన మాస్టార్లిద్దరికీ పాదాభివందనాలు. నా క్లాసువాళ్ళకు నమస్కారం పెట్టాలో, "ఒరే" అని పిలవాలో తెలియడం లేదు. మనవలు పక్కనే ఉన్నారు కనుక నమస్కారమే పెడుతున్నాను.

కమిటీలో ఒకరికి భోజనాలు, ఒకరికి షామియానా, ఒకరికి చందాలు అప్పగించి, నాకు మాత్రం మనుషుల్ని వెతికే పని ఇచ్చారు. ఆ పని గురించే నాలుగు మాటలు చెబుతాను.

హెడ్మాస్టరు గారు దయతో పాత అడ్మిషన్ రిజిస్టరు చూడనిచ్చారు. అంచులు చెదలు తిన్నా పేర్లు చెక్కుచెదరలేదు. అందులో చూస్తే మనలో చాలామంది జూలై 1నే పుట్టాం! బడిలో వేసిన రోజున మాస్టారు వేలు మీద లెక్కేసి రాసిన పుట్టినరోజులవి. ఉద్యోగాలు చేసినవాళ్ళంతా మూకుమ్మడిగా జూన్ 30న రిటైరవడానికి కారణం అదే.

మగవాళ్ళను పట్టుకోవడం పెద్ద కష్టం కాలేదు. ఒకడు దొరికితే వాడి వల్ల ఇంకో నలుగురు దొరికారు. ఆడవాళ్ళ సంగతి అలా కాదు. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. పుట్టింట్లో అన్నదమ్ములు ఉంటే సరే, లేకపోతే ఆ దారి అక్కడితో ఆఖరు. పైగా వాళ్ళ గురించి మనకు తెలిసింది మాత్రం ఎంత? మాస్టారి వెనకాలే వచ్చి ముందు బెంచీల్లో కూర్చునేవాళ్ళు, గంట కొట్టగానే మాస్టారి వెనకాలే వెళ్ళిపోయేవాళ్ళు. ఐదేళ్ళు ఒకే గదిలో చదివి ఒక్క మాట మాట్లాడుకోలేదు. హాజరు పిలిచినప్పుడు విన్నవే వాళ్ళ పేర్లు. ఈ రోజు పొద్దున్న టిఫిన్ల దగ్గర, అరవై ఐదేళ్ళు దాటాక, మొదటిసారి పలకరించుకున్నాం.

మన చదువు సాగిన కాలం కూడా మామూలుది కాదు. ఎనిమిదో తరగతిలో ఉండగా జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. నెలల తరబడి బడి లేదు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారని రేడియోలో విన్నాం గానీ, మనకు అర్థమైంది మాత్రం ఇంకొన్నాళ్ళు గోలీలాడుకోవచ్చని. పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికొచ్చిన వేసవిలోనే హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆ ఏప్రిల్లోనే ఆర్యభట్ట ఆకాశానికి ఎగిరింది. జూన్ ఆఖరుకు ఎమర్జెన్సీ వచ్చింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉంటాయి. మన జీవితాలను మార్చిన వార్త మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. అది పేపర్లో వచ్చిన మన రిజల్టు.

ఫస్టు క్లాసు, సెకండు క్లాసు, థర్డు క్లాసు అని వేరువేరుగా, చీమల బారులా అచ్చేసిన నంబర్లు. బస్సులో వచ్చిన ఒక్క పేపరు చుట్టూ ముప్పై తలలు. నంబరు ఉన్నవాడు కేక పెట్టాడు. లేనివాడు అచ్చు తప్పేమోనని మళ్ళీ మళ్ళీ వెతికి, ఎవరికీ చెప్పకుండా కాలవ గట్టు మీదుగా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజుతో మన క్లాసు రెండు ముక్కలైంది. ఒక ముక్క తెనాలికో గుంటూరుకో ఇంటర్మీడియట్‌కు బస్సెక్కింది. బ్యాంకులు జాతీయమయ్యాక పల్లెపల్లెకూ బ్రాంచీలు తెరుస్తున్న కాలం కనుక కొందరికి అందులో ఉద్యోగాలొచ్చాయి. ఇంకొందరు టీచర్లయ్యారు, కొందరు సముద్రాలు దాటారు. రెండో ముక్క పొలానికో, కుట్టుమిషను దగ్గరకో, అత్తారింటికో వెళ్ళింది.

ఫోన్లు చేస్తున్నప్పుడు ఈ రెండో ముక్క సంగతి బాగా తెలిసొచ్చింది. రేపల్లె రోడ్డు మీద టైర్లకు పంక్చర్లు వేసే మనవాడొకడున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. "ఇరవై ఐదేళ్ళప్పుడు మీరు కలుసుకున్నారని తెలుసురా. మీ కార్లు నా కొట్టు ముందు నుంచే వెళ్ళాయి. కార్డు మీద ఎస్సెస్సీ బ్యాచ్ అని వేశారు. నాకు ఎస్సెస్సీ లేదు కదరా!" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. యాభై ఏళ్ళుగా అతను ఈ ఊరి రోడ్డు మీదే ఉన్నాడు. బడికి రావడానికి అడ్డం వచ్చింది దూరం కాదు.

ఇంకొకామె పదో తరగతిలో సంక్రాంతి సెలవుల తరువాత రాలేదు. పెళ్ళి చేసేశారు. "అన్నయ్యగారూ, నేను పరీక్షే రాయలేదు, నన్నెవరు గుర్తుపడతారండీ?" అంది ఫోనులో. ఈ ఉదయం మనవరాలి చెయ్యి పట్టుకుని గేటులోకి వచ్చింది. మన ఆఫీసర్లలో ఎవరినీ చప్పున పోల్చుకోలేకపోయిన లెక్కల మాస్టారు, ఆవిడను చూడగానే పేరు పెట్టి పిలిచారు. "జామెట్రీ బోర్డు మీద నీ చేతే వేయించేవాణ్ణి కదమ్మా" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం మీరంతా చూశారు.

మనిషికి పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపు జరిగినవే ముసలితనంలో ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. అందుకే రాత్రి బీపీ మాత్ర వేసుకున్నామో లేదో గుర్తుండదు గానీ, ఇంకు మరక పడిన చొక్కా ఎవరిదో గుర్తుంటుంది. ఆ జ్ఞాపకాల్లో సగం ఈ రాని వాళ్ళ దగ్గరే ఉన్నాయి. వాళ్ళు లేకుండా మనం చెప్పుకునే కబుర్లు సగం కబుర్లే.

కాబట్టి సంఘానికి మూడు మనవులు. ఒకటి, ఇకనుంచి ఆహ్వానాల మీద "ఎస్సెస్సీ బ్యాచ్" అని కాకుండా "కలిసి చదువుకున్నవాళ్ళం" అని వేద్దాం. ఆరో తరగతిలో చేరి ఏడులో మానేసినవాడూ అందులోకి వస్తాడు. రెండు, హోదాల వరస మాని రిజిస్టరు వరసలో పిలుద్దాం, కన్నుమూసిన వాళ్ళ పేర్లతో సహా. వాళ్ళ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుదాం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఈ రోజు పోగైన నిధితో ఆర్చి కడదామని కొందరు, గడియారం పెడదామని కొందరు అన్నారు. మంచివే. కానీ ఇప్పటికీ ఈ బడిలో ఏటా కొందరు పిల్లలు పదో తరగతి తప్పుతున్నారు. ఫలితాల రోజున ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. మన రోజుల్లో సెప్టెంబరు దాకా ఆగాలి. ఇప్పుడు ఎక్కువ రోజులు ఆగకుండానే సప్లిమెంటరీ రాయొచ్చు. ఆ ఫీజు మనం కడదాం. మనలో రిటైరైన టీచర్లు పదిమందికి పైగా ఉన్నారు, వాళ్ళు ఆ కొద్ది రోజులూ పాఠాలు చెబుతారు. అన్నిటికంటే ముందు, ఫలితాలొచ్చిన సాయంత్రమే మనలో ఇద్దరు ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళాలి. ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, "రేపు బడికి రా" అని చెప్పి వస్తే చాలు. 1975లో కాలవ గట్టు మీద ఒంటరిగా నడిచి వెళ్ళినవాళ్ళకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

పంక్చర్ల కొట్టు మిత్రుడు మధ్యాహ్నం కొట్టు మూసి వస్తానన్నాడు. వస్తే ముందు వరసలో కుర్చీ వేయండి, శాలువా మాత్రం కప్పొద్దు, మొహమాటపడతాడు. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టుకుంటే చాలు.

ఇప్పుడు మాస్టారు రిజిస్టరు తీసి హాజరు పిలుస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లేవనక్కర్లేదు, కూర్చునే పలకండి.